కామెంట్ల కాపలా

మా ఆఫీసులో అందరికంటే ఎక్కువ నవ్వే మనిషి ఆమె. అందరికంటే ఎక్కువ భయపడే మనిషి కూడా ఆమే. మొదటి సంగతి అందరికీ తెలుసు. రెండోది పక్క కుర్చీలో కూర్చునే నాకు తెలుసు, ఇంట్లో ఆమె భర్తకు తెలుసు.

ఎవరు ఏ పని చెప్పినా ఆమె నోట ముందుగా వచ్చే మాట "అలాగేనండి". అందుకని మేమంతా ఆమెకు అలాగే అక్క అని పేరు పెట్టాం. నలభై దాటిన మనిషి. ఇక్కడికి రాకముందు ఒక ఆసుపత్రిలో ఫోన్లు ఎత్తే పని చేసేది. అవతలివాళ్లు ఎంత అరిచినా, ఎంత ఏడ్చినా, "లైన్లో ఉండండి" అని మెత్తగా చెప్పి ఎక్కడ కలపాలో అక్కడ కలిపేదట. ఆసుపత్రివాళ్లు ఆ పనికి యంత్రాన్ని తెచ్చుకున్నాక ఈమె రోడ్డున పడింది. చాలాకాలం ఖాళీగా ఉండి, చివరికి మా దగ్గర చేరింది. ఉద్యోగం దొరికింది కానీ ఆ రోడ్డు భయం మాత్రం పోలేదు. మేనేజరు గది తలుపు చప్పుడైతే చాలు, తాగుతున్న నీళ్లు పొలమారేవి.

మాది సోషల్ మీడియా ఏజెన్సీ. ఫోన్లో నాలుగు మాటలు చెప్పి జనాన్ని పోగేసుకున్నవాళ్లను ఇన్‌ఫ్లుయెన్సర్లు అంటారు కదా, వాళ్లకూ వస్తువులు చేసే కంపెనీలకూ సంబంధం కుదర్చడం మా పని. పెళ్లిళ్ల పేరయ్య అయినా అబ్బాయికి ఉన్న చెడ్డ అలవాట్లలో ఒకటో రెండో చెబుతాడు. మేము అవీ చెప్పం. నేను పోస్టర్లు వేస్తాను. అక్కది కామెంట్ల కాపలా. ఇన్‌ఫ్లుయెన్సర్ల వీడియోల కింద జనం రాసేవన్నీ చదివి, మంచివాటికి ప్రేమగా జవాబిచ్చి, చెడ్డవాటిని కనపడకుండా దాచాలి.

మా మేనేజరుకు పాజిటివ్ మైండ్‌సెట్ అనే జబ్బు ఉంది. ఏదో శిక్షణకు వెళ్లి అంటించుకొచ్చాడు. రోజూ పొద్దున్నే అందరం గుండ్రంగా నిలబడాలి. ఒక పసుపు రంగు బంతి చేతులు మారుతుంది. అది ఎవరి చేతికి వస్తే వాళ్లు ఒక మంచి మాట చెప్పాలి. "సమస్య" అన్న మాట ఆఫీసులో నిషిద్ధం. పొరపాటున ఎవరైనా అంటే మిగతా అందరూ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాలి. అన్నవాళ్లు ఆ మాటనే తిరగేసి మంచిగా చెప్పేదాకా చప్పట్లు ఆగకూడదు. వినడానికి ఆటలాగే ఉంటుంది. మధ్యలో నిలబడినవాళ్లకు తెలుస్తుంది అదేం ఆటో. చుట్టూ తెలిసిన ముఖాలే, అన్నీ నవ్వుతుంటాయి, చెవులు గింగురుమంటుంటాయి, నోట్లో తడి ఆరిపోతుంది. కాసేపటికి ఏం చెప్పడానికైనా మనిషి సిద్ధమైపోతాడు.

అలాంటి రోజుల్లో మాకు కాపడం సంచుల కంపెనీ ఒకటి తగిలింది. కరెంటుతో పనిచేసే సంచి. ప్లగ్గులో పెడితే లోపలి నీళ్లు వేడెక్కుతాయి, ఎర్ర దీపం పోయి పచ్చ దీపం వస్తుంది, అప్పుడు వైరు పీకేసి మోకాళ్ల మీదో నడుం మీదో పెట్టుకోవాలి. దానికి మా ఆఫీసు ఎంచుకున్న ఇన్‌ఫ్లుయెన్సర్ కబుర్ల అమ్మమ్మ.

ఈ అమ్మమ్మ ఒకప్పుడు బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడ ఆగిందో చెప్పేది. రిటైరయ్యాక కూతురి ఇంట్లో ఉంటూ, ఆ పిల్ల పనికి వెళ్లాక తోచక, ఫోను ముందు కూర్చుని కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. పక్కింటావిడ కోపం, తన మోకాళ్ల నొప్పి, చిన్నప్పుడు బడి ఎగ్గొట్టిన సంగతి, నోటికి ఏదొస్తే అది. జనం వేలం వెర్రిగా చూశారు. ఆమె ప్రతి కామెంటునూ పైకి చదివి, "ఏం నాన్నా, తిన్నావా?" అని పేరుపేరునా పలకరిస్తుంది. ఆమె చెబితే కొంటారు. ఆమె చెప్పింది, కొన్నారు.

కొన్నాళ్లకే కామెంట్లు రావడం మొదలైంది. వైరు కాలిపోయిన వాసన వస్తోందని ఒకరు. దీపం పచ్చగా మారడమే లేదని ఇంకొకరు. తర్వాత ఒకతను బొబ్బలెక్కిన తొడ ఫొటో పెట్టాడు. అక్క దాన్ని చూసి కుర్చీలో వెనక్కి జరిగింది. "ఇది చూడు," అని నావైపు స్క్రీన్ తిప్పింది. నేను చూసి, మేనేజరుకు చెప్పమన్నాను. "నేనా?" అంది. పులి బోనులోకి వెళ్లి పళ్లు లెక్కపెట్టి రమ్మన్నట్టు చూసింది.

చెప్పింది ఆమె కాదు. ప్రకటనలకు మాటలు రాసే అమ్మాయి ఒకతె ఉండేది, నోటి దురుసు, మనసులో ఏదీ ఉంచుకోదు. పొద్దున్న బంతి చేతికి రాగానే, "ఆ సంచులతో సమస్య ఉంది సార్, జనం కాలుతున్నారు," అంది. చప్పట్లు మొదలయ్యాయి. ఆ అమ్మాయి మొండిగా నిలబడింది. చప్పట్లు ఆగలేదు. ముఖం ఎర్రబడింది, తర్వాత కళ్లు ఎర్రబడ్డాయి. చివరికి, "కస్టమర్లు మన వేడిని పూర్తిగా అనుభవిస్తున్నారు," అంది. అందరూ పగలబడి నవ్వారు, మేనేజరు "చూశారా, ఎంత బాగా చెప్పిందో!" అన్నాడు. తర్వాతి వారం ఆ కుర్చీ ఖాళీ. "తనకు సరిపోయే ఎనర్జీని వెతుక్కుంటూ వెళ్లింది," అని మేనేజరు ప్రకటించాడు.

అదే రోజు అక్కకు కొత్త పని వచ్చింది. చెడ్డ కామెంట్లను ఒక్కొక్కటిగా దాచడం ఆలస్యమవుతోందని, మాటల ఫిల్టరు పెట్టమన్నాడు మేనేజరు. అమ్మమ్మ తనకు ఆ మీటలన్నీ తెలియవంటూ తన ఖాతా తాళం మా చేతికే ఇచ్చింది. అందులో కొన్ని మాటలు ఎక్కిస్తే చాలు, ఆ మాట ఉన్న కామెంటు దానంతటదే మాయమవుతుంది. అసలు దుర్మార్గం ఎక్కడుందంటే, రాసినవాడికి మాత్రం తన కామెంటు మామూలుగానే కనిపిస్తుంది. నేను చెప్పేశాను, అందరూ చూశారు అనుకుని వాడు నిశ్చింతగా ఉంటాడు. లోకంలో ఇంకెవరికీ అది కనిపించదు, అక్క స్క్రీన్ మీద ఒక పక్కన బూడిద రంగు అక్షరాల్లో తప్ప.

అక్క ఏ పనైనా శ్రద్ధగా చేస్తుంది, అదే కొంప ముంచింది. కాలింది, పేలింది, పొగ, వాసన, మంట, బొబ్బ, ఉబ్బింది, వైరు, స్విచ్చి, పీకెయ్, ఆపు. ఒక్కో మాటనూ జనం ఎన్ని రకాలుగా రాస్తారో అన్ని రకాలుగా ఎక్కించింది, ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాటితో సహా. "జాగ్రత్త కూడా పెట్టండి మేడమ్. ఆ మాట చూస్తే కొనేవాళ్లు బెదిరిపోతారు," అన్నాడు మేనేజరు. "అలాగేనండి," అంది అక్క. జాగ్రత్త కూడా ఎక్కింది.

అప్పటినుంచి వీడియోల కింద అన్నీ పూలే, ముద్దులే. బూడిద రంగు వరస మాత్రం రోజురోజుకూ పొడుగవుతోంది. దాన్ని చదివే దిక్కు అక్క ఒక్కతే. కక్కలేక మింగలేక ఉండేది. మధ్యాహ్నం డబ్బా తెరిచి, రెండు ముద్దలు తిని మూసేసేది.

ఆమె ఇంటికి నేను రెండు మూడుసార్లు వెళ్లాను. రెండు గదులు, వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు బయటే. భర్త బడి బస్సు నడుపుతాడు. రోజంతా పిల్లల గోల విని విని లోకంలో దేనికీ బెదరని మనిషి. కూతురు పదో తరగతి. ఒకసారి నేను వెళ్లేసరికి ఇల్లంతా ఉక్కపోత. ఫ్యాను ప్లగ్గు పీకి ఉంది, టీవీది పీకి ఉంది, ఫ్రిజ్‌ది కూడా పీకి ఉంది.

"మా ఆవిడకి కరెంటంటే కోపం వచ్చింది తమ్ముడూ," అన్నాడు ఆయన విసనకర్ర నా చేతికిస్తూ. "మనుషులుండగానే అన్నీ పీకేస్తోంది. నన్ను కూడా ఎక్కడైనా ప్లగ్గులో పెట్టుంటే పీకేసేదే."

"మామయ్యా, అటక మీద డబ్బా సంగతి అమ్మ మీకు చెప్పలేదా?" అంది కూతురు నాతో. "ఆఫీసువాళ్లు ఊరికే ఇచ్చిన సంచిని పెద్ద డబ్బాలో పెట్టి, మూత మీద రాయి పెట్టింది అమ్మ. ముట్టుకుంటే కాళ్లు విరగ్గొడతానంది."

వంటగదిలోంచి వస్తున్న అక్క గుమ్మంలోనే నిలబడిపోయింది. భర్త నవ్వు ఆపి ఆమెను చూశాడు. "నిప్పు లేనిదే పొగ రాదంటారు. మన ఇంట్లో ముట్టుకోవద్దంటున్నావు, ఆ పెద్దావిడ మటుకు రోజూ ఒళ్లో పెట్టుకుంటోంది కదే. ఆవిడకి చెప్పావా?"

"చెప్తాను."

"ఎప్పుడు?"

"చెప్తానన్నానుగా!" అంది. ఆమె గొంతు పెంచడం నేను వినడం అదే మొదలు. వెంటనే కళ్లు తుడుచుకుని, "ఉద్యోగం పోతే నాకు మళ్లీ ఎవరిస్తారు తమ్ముడూ?" అంది. ధైర్యం చెప్పడం తేలిక, గట్టు మీద కూర్చుని ఈత నేర్పినట్టు.

మర్నాడు ఆమె అమ్మమ్మకు ఫోన్ చేసింది. అవతల అమ్మమ్మ గొంతు నాకూ వినిపించింది, మైకు అలవాటు పోలేదు కదా.

"అమ్మమ్మగారూ, ఆ సంచి... రోజూ వాడుతున్నారా?"

"వాడకేం తల్లీ! మీ ఆఫీసువాళ్లు పంపించారని రోజూ పెట్టుకుంటున్నాను. పచ్చ దీపం రావడమే కాస్త ఆలస్యమవుతోంది. ఏం, ఎందుకడిగావు?"

మేనేజరు గది తలుపు తెరుచుకుంది. అక్క చూపు అటు వెళ్లింది, ఇటు వచ్చింది. "ఏం లేదండీ, మోకాళ్లు ఎలా ఉన్నాయో అని."

"నా బంగారు తల్లి! నా కూతురు కూడా ఇలా అడగదే," అంది అమ్మమ్మ.

అక్క ఫోన్ పెట్టేసింది. రేపు చెబుతానంది నాతో. ఆ రేపటికి అమ్మమ్మ ప్రత్యక్ష ప్రసారం, లైవ్ అంటారే అది, వచ్చి పడింది.

సంచుల కంపెనీ పెద్దమనిషి స్వయంగా మా ఆఫీసుకు వచ్చి, లైవ్ నడుస్తుంటే చూస్తానన్నాడు. అద్దాల గదిలో గోడంత టీవీ పెట్టారు. అమ్మమ్మ ఏం చేయాలో మేనేజరే రాసిచ్చాడు. సంచి వేడెక్కేటప్పుడు ఒళ్లో పెట్టుకోకూడదని డబ్బా మీదే ఉంది. కానీ సంచి ఒక మూల, అమ్మమ్మ ఒక మూల ఉంటే ఆప్యాయత ఎక్కడుంటుంది? "పచ్చ దీపం వచ్చేదాకా పాపాయిని ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని కబుర్లు చెప్పండి," అని రాశాడు. ఆ కాగితాన్ని అమ్మమ్మకు పంపించింది అక్కే. మధ్యలో ఫోన్లు వస్తే లైవ్ తెగిపోతుందని, ఎవరి ఫోనూ మోగకుండా పెట్టుకోమని చెప్పిందీ అక్కే.

సాయంత్రం లైవ్ మొదలైంది. అమ్మమ్మ సోఫాలో కూర్చుంది, ఒళ్లో గులాబీ రంగు సంచి, దాని వైరు సోఫా వెనక్కి వెళ్లి గోడకున్న ప్లగ్గులో దూరింది. ఎర్ర దీపం వెలుగుతోంది. అద్దాల గదిలో అందరూ చేరారు. అక్కా నేనూ మాత్రం బయట మా బల్లల దగ్గరే ఉన్నాం, ఆమెది కాపలా కాబట్టి, నేను ఆమెను ఒంటరిగా వదలలేక.

అమ్మమ్మ బస్టాండు కబుర్లు చెబుతోంది. ఒకసారి నిద్రమత్తులో రెండు బస్సుల పేర్లు తారుమారు చేసి చదివితే, పెళ్లివాళ్లు వేరే ఊరి బస్సెక్కి వెళ్లిపోయారట. గుండెలూ పూలూ స్క్రీన్ మీద వరదలా పైకి పోతున్నాయి. ఎర్ర దీపం ఇంకా ఎర్రగానే ఉంది.

మొదటి బూడిద రంగు కామెంటు వచ్చింది. "అమ్మమ్మా, సంచి ఉబ్బుతోంది."

అక్క కుర్చీ అంచుకు జరిగింది. రెండోది వచ్చింది. "వైరు దగ్గర పొగ చూడండి!" తర్వాత నాలుగైదు ఒకేసారి. "పీకెయ్ అమ్మమ్మా!" "ఆపండి, ఎవరైనా చెప్పండి ఆవిడకి!" "జాగ్రత్త, పేలుతుంది!" చూస్తుండగానే ఆ వరస పరుగెత్తడం మొదలుపెట్టింది. ఎంతమందో. ప్రతి ఒక్కరూ అరుస్తున్నారు, ఒక్కరి అరుపూ ఆమెకు వినిపించడం లేదు. అమ్మమ్మ ఫోన్లో మాత్రం పూలు, ముద్దులు, "సూపర్ అమ్మమ్మా".

నేను టీవీ వైపు చూశాను. నిజమే. సోఫా వెనక గోడ మీద సన్నగా, తెల్లగా ఏదో పైకి లేస్తోంది. సంచి మధ్యలో గుండ్రంగా పొంగింది. అమ్మమ్మ దాన్ని రెండు చేతులతో దగ్గరికి తీసుకుని నిమురుతోంది.

ఎవరో తెలివిగలవాళ్లు రాసిన ఒక్క కామెంటు ఫిల్టరు దాటింది. "అమ్మమ్మా, వెనక్కి చూడు."

అమ్మమ్మ చదివింది. వెనక్కి తిరిగి చూసింది. పొగ ఆమె తిరిగిన వైపు కాదు, రెండో వైపున ఉంది. "వెనకేముంది నాన్నా, గోడేగా! ఈ వయసులో నన్ను ఆట పట్టిస్తారా?" అని పకపకా నవ్వింది. అద్దాల గదిలోనూ నవ్వారు.

అక్క ఫోన్ చేసింది. అవతల మోగదు కదా. మళ్లీ చేసింది. ఫిల్టరు తీసేయాలంటే మేనేజరు ఫోనుకు వచ్చే ఓటీపీ నంబరు కావాలి. ఒక్క ఉదుటున లేచి అద్దాల గదిలోకి పరుగెత్తింది, వెనకాలే నేను.

"సార్, సంచి ఉబ్బుతోంది. పొగ వస్తోంది సార్. ఫిల్టరు తీసెయ్యాలి."

మేనేజరు కంపెనీ పెద్దమనిషి వైపు ఒకసారి చూశాడు. నవ్వు చెదరనివ్వలేదు. "మేడమ్, మన పద్ధతి మర్చిపోయారా? పాజిటివ్‌గా చెప్పండి," అని రెండు చేతులూ ఎత్తి చప్పట్లు మొదలుపెట్టాడు.

అలవాటు పాడుగాను, గదిలో అందరి చేతులూ కలిశాయి. పెద్దమనిషికి ఇదేదో ముచ్చటగా తోచి ఆయనా కొట్టాడు. టీవీలో పొగ వస్తోంది, గదిలో చప్పట్లు మోగుతున్నాయి, మధ్యలో ఆమె నిలబడింది. పెదవులు కదిలాయి. పొగకు మంచి మాట ఏముంటుంది? "ఆపండ్రా!" అని నేను అరిచాను. చప్పట్లలో అదీ కలిసిపోయింది.

అక్క వెనక్కి తిరిగి తన బల్ల దగ్గరికి పరుగెత్తింది. నిలబడే టైపు చేసింది. "అమ్మమ్మా వైరు పీకండి పొగ వస్తోంది." అది బూడిద రంగులోకి వెళ్లిపోయింది. తాను పెట్టిన ఫిల్టరు తనకూ దారివ్వలేదు. ఆమె నోట ఏడుపులాంటి శబ్దం ఒకటి వచ్చింది. చేతులు మీటల మీద ఆగిపోయాయి. నేను ఏదో చెప్పబోయాను. నన్ను ఆగమన్నట్టు చెయ్యి ఊపి, మళ్లీ టైపు చేసింది.

"అమ్మమ్మగారూ, సంచిని పక్కన పడుకోబెట్టి, లేచి కిటికీ దగ్గరి పూలకుండీలు అందరికీ చూపించండి. ఇప్పుడే. అందరూ అడుగుతున్నారు."

దాన్ని అన్నిటికంటే పైన నిలిచేలా పెట్టింది. ఆ చోట ఆఫీసు మాటలే వస్తాయని అమ్మమ్మకు తెలుసు.

అమ్మమ్మ కళ్లద్దాలు సవరించుకుని చదివింది. "పూలకుండీలా? ఇప్పుడా? ఇంకా పచ్చ దీపం రాలేదే!"

"లే అమ్మమ్మా," అంది అక్క స్క్రీన్‌తో. "లే, లే, లే."

"సరే, అడుగుతున్నారంటున్నారు కదా," అని అమ్మమ్మ సంచిని జాగ్రత్తగా సోఫా మీద పెట్టింది. ఒక చెయ్యి సోఫాకు ఆనించి లేవబోయింది. మోకాలు పట్టేసింది. "అమ్మా" అని మళ్లీ కూర్చుండిపోయింది. అక్క నా మణికట్టు పట్టుకుంది, గోళ్లు దిగాయి. అమ్మమ్మ రెండోసారి ప్రయత్నించి లేచింది. ఫోను తీసుకుంది. స్క్రీన్ మీద గది ఊగింది, కర్టెన్ కనిపించింది, కుండీ అంచు కనిపించింది. "ఇదిగో, ఇది మా మందారం..."

అప్పుడు చప్పుడైంది. పెద్ద చప్పుడు కాదు, తడి గుడ్డను బండ మీద బాదినట్టు. దాని వెంట అమ్మమ్మ కేక. ఫోను కింద పడింది, కాసేపు పైకప్పు కనిపించింది, తర్వాత ఏమీ కనిపించలేదు.

అద్దాల గదిలో చప్పట్లు ఎప్పుడు ఆగాయో నాకు తెలియదు. అక్క అప్పటికే మెట్లు దిగుతోంది. నేను స్కూటర్ తాళాలు అందుకుని వెంట పడ్డాను. దారంతా ఆమె నా చొక్కా గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. ఎర్ర దీపాల దగ్గర నేను ఆగలేదు.

అమ్మమ్మ ఇంటి తలుపు ఎదురింటావిడ తీసింది. సోఫా సగం నల్లబడి, నీళ్లు కారుతోంది. గదంతా కాలిన రబ్బరు కంపు. అమ్మమ్మ కుర్చీలో కూర్చుని కాలు నీళ్ల బకెట్లో పెట్టుకుని ఉంది. వేడినీళ్లు చిమ్మి మడమ, పిక్క కాలాయి. అంతే. అంతే అంటున్నాను గానీ, ఆ చర్మం వైపు నేను రెండోసారి చూడలేదు. ఇంకాసేపు అది ఒళ్లోనే ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించదలుచుకోలేదు. కూతురు బయల్దేరిందట, డాక్టరుకు ఫోన్ చేశారట.

"వచ్చావా తల్లీ!" అంది అమ్మమ్మ అక్కను చూసి. "నువ్వు పూలకుండీలు అడక్కపోతే ఈపాటికి నా పని అయిపోయేదే."

అక్క ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూలబడింది. అప్పుడే అక్క ఫోన్ మోగింది. మేనేజరు. అంత దగ్గరగా ఉంటే మాట నాకూ వినిపించింది. "అద్భుతం చేశారు మేడమ్, ఎంత ప్రెజెన్స్ ఆఫ్ మైండ్! లైవ్ ఎంతమంది చూశారో తెలుసా? ఇప్పుడొక చిన్న వీడియో తియ్యండి. అమ్మమ్మ నవ్వుతూ, నేను బాగానే ఉన్నాను, చిన్న పొరపాటు నాదే, అని చెప్తే చాలు."

"కుదరదండీ," అంది అక్క. ఫోన్ పెట్టేసింది.

అమ్మమ్మ అదేమీ పట్టించుకోలేదు. కిటికీ వైపు చూస్తోంది. "నాకొకటి అర్థం కావట్లేదమ్మా," అంది. "అంతమంది నన్నే చూస్తున్నారు కదా. నేను చూళ్లేదు సరే, వాళ్లకైనా కనపడి ఉండాలి కదా. రోజూ పేరుపేరునా పలకరిస్తానే. తిన్నావా, పడుకున్నావా అని అడుగుతానే. ఒక్కరికైనా చెప్పాలనిపించలేదా?"

ఎదురింటావిడ, "లోకం అంతేలెండి," అంది.

"చెప్పారు," అంది అక్క.

అమ్మమ్మ ఆమె వైపు తిరిగింది.

"అందరూ చెప్పారు అమ్మమ్మగారూ. అరిచి చెప్పారు. మీకు కనపడకుండా చేసింది నేను. పొగ అని రాస్తే కనపడకూడదని పెట్టింది నేను. ఇప్పుడు కాదు, చాలా రోజుల కిందటే పెట్టాను."

అమ్మమ్మకు అది ఒక్కసారిగా అందలేదు. అక్క మళ్లీ మొదటినుంచి చెప్పింది, ఫిల్టరు, దాచిన మాటలు, ఎందుకు దాచమన్నారో. ఏదీ మేనేజరు మీదకు నెట్టలేదు. అమ్మమ్మ ముఖం మెల్లమెల్లగా మారడం నేను చూశాను.

"అంటే ఇంకా ఉన్నాయా అలాంటివి? ఎవరికైనా కాలిందా?"

"కాలింది."

"నేను చెప్పానని కొన్నవాళ్లకా?"

అక్క తలూపింది.

"చదువు," అంది అమ్మమ్మ.

అక్క ఫోను తెరిచింది. గొంతు సవరించుకుని, ఆసుపత్రిలో ఫోన్లు ఎత్తిన ఆ మెత్తని గొంతుతోనే చదవడం మొదలుపెట్టింది. ఒకరికి తొడ. ఒకరికి చెయ్యి. ఒకరి మంచం అంటుకుందట, పక్కవాళ్లు ఆర్పారట. ఎర్ర దీపం ఆరడం లేదు, మీదైనా ఆరుతోందా అమ్మమ్మా అని ఇంకొకరు. బకెట్లో అమ్మమ్మ కాలు కదలడం లేదు. నాకు అక్కడినుంచి లేచి పారిపోవాలనిపించింది.

ఒకచోట అక్క ఆగింది. ఆగి, కిందకి జరపబోయింది.

"అదేంటో చదువు," అంది అమ్మమ్మ.

"అమ్మమ్మా, మీరు చెప్పారని మా అమ్మకు కొనిచ్చాను," అని చదివింది అక్క. "పడుకున్నప్పుడు పేలింది. వీపంతా కాలి ఆసుపత్రిలో ఉంది. మిమ్మల్ని ఏమీ అనట్లేదు, మీకు తెలిసి ఉండదు. అమ్మ మీ కబుర్లు రోజూ వింటుంది. మీకు చెప్పమని తనే అంటోంది. మీరు మాత్రం దాన్ని ఒళ్లో పెట్టుకోకండి."

సోఫా నుంచి నీళ్లు ఇంకా చుక్కలుగా కారుతున్నాయి.

"ఎప్పుడు రాశారమ్మా ఇది?"

"పోయిన నెల."

అమ్మమ్మ అక్క ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే అక్కకు కాస్త తేలికయ్యేది.

"మళ్లీ చదువు," అంది అమ్మమ్మ. "మెల్లగా చదువు. ఆ తల్లి ఏ ఆసుపత్రిలో ఉందో రాశారేమో చూడు."

అక్క మళ్లీ మొదటినుంచి చదివింది.